సీక్రెట్ శాంటా: ఎవరు ఎవరికి ఇస్తున్నారో చీటీలు వేసేవాళ్లకీ తెలియకూడదంటే?

డిసెంబర్‌డ్యూటీ:
క్రిస్మస్‌కి ఆఫీసులో 14 మందిమి సీక్రెట్ శాంటా పెట్టుకుంటున్నాం, అంటే చీటీలో వచ్చినవారికి పేరు చెప్పకుండా గిఫ్ట్ ఇచ్చే ఆట; ఇచ్చేవారే శాంటా. చీటీలు వేసే పని నాకు అంటగట్టారు. నేనూ ఆటలో ఉన్నాను కాబట్టి ఎవరి శాంటా ఎవరో నాకూ తెలియకూడదు. యాప్‌లు వద్దంటున్నారు. డబ్బాలో పేర్లు వేసి తీయిస్తే సరిపోతుందా? గిఫ్ట్ కొన్నాక గుట్టు బయటపడకుండా ఏం చూసుకోవాలి?

లెక్కలమాస్టారు:
డబ్బా వద్దండి. ఎవరో ఒకరికి సొంత పేరే వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. మంది పెరిగినా ఆ అంకె అక్కడే ఉంటుంది. పేరు వెనక్కి వేసి మళ్లీ తీసినవాడికి, తనకంటే ముందు తీసినవాళ్లెవరూ తన శాంటా కాదని ఊరికే తెలిసిపోతుంది. పక్కవాడితో చీటీ మార్చుకుంటే మరీ ఘోరం, ఆ పక్కవాడే తన శాంటా!

14 మందపాటి కార్డులు తీసుకోండి. మొదటి కార్డు పై సగంలో "మీరు 1", కింది సగంలో "1కి ఇవ్వాలి" అని రాయండి. అలాగే 14 దాకా. పైవైపు ఏదో తెలిసేలా అన్నిటికీ వెనక ఒకేచోట చుక్క పెట్టండి. బోర్లించి బాగా కలిపి, వరసగా పరిచి, ఒక్కోదాన్ని అడ్డంగా సగానికి కత్తిరించండి. కింది ముక్కల్ని ఒక్క స్థానం కుడికి జరపండి, చివరిది మొదటికి వస్తుంది. ఎదురెదురు ముక్కల్ని తిప్పి చూడకుండా స్టేపుల్ చేసి, మడిచి డబ్బాలో వేయండి. ప్రతి ఒక్కరూ ఒక జత తీసుకుని, గోడ మీద పెట్టిన పట్టికలో "మీరు" నంబరు ఎదురుగా పేరు రాయాలి. అందరూ రాశాకే ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది.

ఇందులో సొంత నంబరు రానే రాదు. 14 మందీ ఒకే గొలుసులో ఉంటారు కాబట్టి ఇద్దరు ఒకరికొకరు ఇచ్చుకోవడమూ ఉండదు. బాల్‌పెన్ గట్టిగా నొక్కితే వెనక అచ్చు పడుతుంది, మార్కర్ ఊరుతుంది. తేలిగ్గా పెన్సిల్‌తో రాయండి.

ప్యాకింగ్‌పిచ్చి:
ఎక్కువమంది దొరికిపోయేది గిఫ్ట్ మీద పేరు రాసిన చేతిరాతతో. పేర్లన్నీ ఉన్న కాగితాన్ని మీరే ప్రింట్ తీసి ఒక్కొక్కరికీ ఒకటి పంచేయండి, కావాల్సిన పేరు ఎవరికి వాళ్లే కత్తిరించుకుని అంటించుకుంటారు.

ఆన్‌లైన్‌లో కొంటే నేరుగా ఆఫీసుకి పంపించకూడదు. గిఫ్ట్ ఆప్షన్ పెట్టినా ధర దాగుతుందేమో గానీ, కొన్నవారి పేరు లేబుల్ మీదో బిల్లు మీదో ఉండిపోవచ్చు. ఇంటికి తెప్పించుకుని వేరే పెట్టెలోకి మార్చాలి. ధర స్టిక్కర్‌ని గోటితో గీకితే సగం అంటుకునే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, ఒక మూల నుంచి మెల్లగా లాగితే మొత్తంగా వచ్చేస్తుంది. ప్లాస్టిక్ వస్తువైతే వేడి తక్కువగా పెట్టండి. మిగిలిన జిగురుకి ఒక చుక్క వంటనూనె చాలు, కాకపోతే కాగితానికీ అట్టకీ నూనె వద్దు, మరక పడుతుంది.

ఇష్టాయిష్టాలు అడగడంలోనూ గుట్టు పోతుంది. ఉన్నట్టుండి "నీ షర్టు సైజెంత?" అంటే ఇంకేం మిగిలింది! అందరి దగ్గరా ముందే మూడు జవాబులు రాయించుకోండి: ఇష్టమైనవి, అస్సలు వద్దనుకునేవి, అలర్జీలు. వాటిని ప్రింట్ తీసి పట్టిక పక్కనే పెట్టండి. ఆన్‌లైన్ షీట్ అయితే ఆ సమయంలో ఎవరు తెరిచి చూస్తున్నారో పైన కనిపిస్తుంది.

నిదానస్తుడు:
బడ్జెట్‌కి గరిష్ఠంతో పాటు కనిష్ఠమూ పెట్టండి. గొడవలొచ్చేది కింది హద్దు లేకపోతేనే. గిఫ్టులు వేసే సంచిని రెండు రోజుల ముందే పెట్టేయండి, చివరి గంటలో చేత్తో తెచ్చి పెడితే అందరి కళ్లూ అటే. ఆఖర్న పేర్లు చెప్పాలా వద్దా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి. నన్నడిగితే చెప్పకపోవడమే సరదా, జనవరి దాకా ఊహాగానాలు నడుస్తాయి.

కార్డుల పద్ధతిలో ఒక లోటు ఉంది. భార్యాభర్తలు ఒకే టీమ్‌లో ఉంటే వాళ్లని విడదీయలేం. పేరు చూసుకుని వాళ్లలో ఎవరైనా "మళ్లీ వేయండి" అన్నారంటే అందరికీ కారణం తెలిసినట్టే, కాబట్టి కొత్త కార్డులతో మొదటి నుంచీ వేయాల్సిందే.

డిసెంబర్‌డ్యూటీ:
కార్డులే ఖాయం. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే?

లెక్కలమాస్టారు:
తప్పుకునేవారు తమ కింది ముక్కను కవర్లో పెట్టి అంటించి, అందరూ తిరిగే చోట వదిలేయాలి. వారికి ఇవ్వాల్సిన శాంటా ఎవరూ చూడనప్పుడు దాన్ని తీసుకుని, అందులోని నంబరుకి ఇస్తారు. గొలుసులో ఒక లింకు తగ్గుతుంది, అంతే. గిఫ్ట్ తేవడం మర్చిపోయేవాళ్లు ఒకరైనా ఉంటారు కాబట్టి ఎవరికైనా పనికొచ్చేది ఒకటి అదనంగా కొని దగ్గర ఉంచుకోండి.