బీపీ, షుగర్ స్క్రీనింగ్ అయిపోయింది, మరి మందులు మానేసినవాళ్లను వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

పల్లె_డాక్టర్
అందరికీ నమస్కారం. పల్నాడు వైపు ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా పరిధిలో ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు సీబ్యాక్ ఫారాలు (ఎవరికి జబ్బు ముప్పు ఎక్కువో తేల్చే ప్రశ్నల పత్రాలు) నింపాం, బీపీ, షుగర్ చూశాం. అక్కడిదాకా బాగానే ఉంది. బాధంతా ఆ తర్వాతే. బీపీ ఉందని తేల్చి మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో నెలకే కనిపించడం లేదు. మీటింగుల్లో మాత్రం ఎంతమందికి స్క్రీనింగ్ చేశారనే అడుగుతారు. ఎంతమంది బీపీ అదుపులోకి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. పక్షవాతంతో ఒక మనిషిని ఆటోలో తెచ్చినప్పుడు, ఆయన పేరు మన రిజిస్టర్‌లో ముందే ఉందని తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆస్పత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) అసెస్‌మెంట్‌కి కూడా సిద్ధమవుతున్నాం. ఈ రెండు పనులూ ఒకదానికొకటి పనికొచ్చేలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ దగ్గర నిజంగా పనిచేసిందేమిటో చెప్పండి.

సబ్‌సెంటర్_ఎంఎల్‌హెచ్‌పీ
సార్, నేను సబ్‌సెంటర్‌లో ఎంఎల్‌హెచ్‌పీని (మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్). మా దగ్గర బాగా పనికొచ్చింది కార్డుల పెట్టె. ప్రతి బీపీ, షుగర్ పేషెంటుకీ ఒక ట్రీట్‌మెంట్ కార్డు ఉంటుంది. నెలకో అర ఉన్న పెట్టెలో, మళ్లీ రావాల్సిన నెల అరలో ఆ కార్డు పెడతాం. మనిషి వచ్చి మాత్రలు తీసుకుంటే కార్డు తర్వాతి నెలకు మారుతుంది. నెలాఖరుకి ఆ అరలో మిగిలిన కార్డులే రానివాళ్ల జాబితా. వేరే రిజిస్టర్ వెతకక్కర్లేదు, యాప్ తెరుచుకోలేదని ఆగక్కర్లేదు. ఆ జాబితాని వీధుల వారీగా విడగొట్టి ఆశా అక్కలకు ఇస్తాం. యాప్‌లో ఎంట్రీ ఎలాగూ చేస్తాం, కానీ పని నడిపించేది మాత్రం ఆ పెట్టే.

తెలంగాణ_ఎన్‌సీడీ_నర్సు
మాది తెలంగాణ. బీపీని అదుపు చేసే జాతీయ కార్యక్రమం, ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్, 2017 నవంబరులో మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో మాదీ ఒకటి. ఆ కార్యక్రమంలో నాకు బాగా నచ్చింది లెక్క కట్టే పద్ధతి. కిందటి మూడు నెలల్లో నమోదైనవాళ్లందరినీ తీసుకుని, ఈ మూడు నెలల్లో వాళ్లు ఏమయ్యారో చూస్తారు. చివరిసారి వచ్చినప్పుడు బీపీ 140/90 కంటే తక్కువుంటే అదుపులో ఉన్నట్టు. ఎక్కువుంటే లేనట్టు. అసలు రాకపోతే ‘రాలేదు’ అని మూడో గడిలో పడతారు. ఆ మూడో గడిలోని వాళ్లను కూడా కలిపే శాతం తీస్తారు. వచ్చినవాళ్లనే లెక్కేస్తే ఏ పీహెచ్‌సీ అయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది సార్. రానివాళ్లను కలిపితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకొకటి, ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత ఏం పెంచాలి అన్నది ఒకే ప్రోటోకాల్‌గా గోడ మీద ఉండాలి. మా దగ్గర మొదటి మెట్టు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర, 5 ఎంజీ. డాక్టరు మారినా మందు మారదు. దానివల్ల ఇండెంట్ (మందులు కావాలని పెట్టే జాబితా) కూడా తేలికవుతుంది, ఎంతమందికి ఎన్ని మాత్రలు కావాలో ముందే లెక్కేసుకోవచ్చు. మాత్రలు లేవని ఒక్కసారి వెనక్కి పంపితే ఆ మనిషి మళ్లీ రాడు.

ఆశా_కార్యకర్త_ప్రకాశం
జాబితా ఇచ్చి పంపుతారు సరే, ఇంటికెళ్తే వాళ్లు ఏం చెప్తారో కూడా వినండి డాక్టరు గారూ. “తలనొప్పి తగ్గిపోయిందమ్మా, ఇంకెందుకు” అంటారు. “ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మింగాలంట” అని ఎవరో చెప్పి ఉంటారు. పనికి పోతే ఆరోజు కూలి, ఆస్పత్రికి వస్తే అది పోతుంది. కొంతమందికి ఆ మాత్ర వేసుకున్నాక కాళ్లు వాస్తాయి, భయపడి మానేస్తారు. అలా వాస్తే చెప్పండి, మందు మార్చొచ్చు అని మొదటిరోజే చెప్పినవాళ్లు మానరు, వచ్చి అడుగుతారు. కాబట్టి జాబితాలో పేరు పక్కన ‘ఎందుకు రాలేదు’ అని ఒక ఖాళీ పెట్టండి. మేం రాసుకొస్తాం. మీరు ఒక్కసారి చదివితే చాలు.

పల్లె_డాక్టర్
అమ్మా, కాళ్ల వాపు సంగతి చెప్పి మంచి పని చేశారు. ఆమ్లోడిపిన్‌తో అది వస్తుందని మాకు తెలుసు, కానీ ఓపీ రద్దీలో మొదటిరోజే చెప్పే తీరిక ఉండటం లేదు. ఫార్మసిస్టు మాత్రలు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పేలా పెడతాను.

ఊరి_అమ్మాయి
నేను ఈ రంగంలో లేను, మా అమ్మ సంగతి చెప్తాను. ప్రతిసారీ మాత్ర రంగు, రేకు మారిపోతుంది. ఇది వేరే మందేమో అని పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంది, కళ్లు తిరిగి పడింది. ఇచ్చేటప్పుడు “రంగు మారింది గానీ మందు అదే, పాతది మిగిలితే అది అయ్యాకే ఇది” అంటే సరిపోయేది. చదవలేనివాళ్లకు రేకు మీద సూర్యుడి బొమ్మో చంద్రుడి బొమ్మో గీసి ఇస్తే చాలా మేలు.

క్వాలిటీ_అసెసర్
ఎన్‌క్వాస్ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. రాష్ట్రంలో అంతర్గత అసెసర్‌గా కొన్ని పీహెచ్‌సీలు చూశాను. గోడలకు రంగులు, ఫ్లెక్సీలు, కొత్త దుప్పట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం పేషెంటు నడిచే దారి మీద పెడితే మార్కులు వాటంతటవే వస్తాయి. ప్రమాణాలు ఎనిమిది విభాగాలుగా ఉంటాయి. ప్రతి అంశానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. సర్టిఫికెట్‌కి మొత్తం మీద 70 శాతం రావాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. చెక్‌లిస్ట్‌లో ఒక్కో అంశాన్ని ఎలా తేల్చాలో కూడా రాసి ఉంటుంది. కళ్లతో చూడటం, స్టాఫ్‌ని అడగటం, రికార్డు చూడటం, పేషెంటుని అడగటం. ఈ చివరి దానికి ఎవరూ ముందుగా తయారు చేయలేరు. బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయన్ని “మీ బీపీ ఎంతుంది, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు” అని అడిగితే, ఆయన తడుముకోకుండా చెప్పాడంటే అక్కడ పని జరుగుతున్నట్టే.

బీపీ చూసే తీరు తప్పక సరిచూసుకోండి. ఎండలో నడిచొచ్చిన మనిషికి నిలబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి చూస్తారు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించాలి, మాట్లాడనివ్వకూడదు. లావుపాటి చేతికి పెద్ద పట్టీ ఉండాలి. తప్పు రీడింగుతో మొదలైన మందు ఎంత క్రమంగా ఇచ్చినా ఏం లాభం? నా మట్టుకు నాకు ఇది ఏ ఫైలు కంటే ముఖ్యం.

సార్, మీరు కార్డుల పెట్టె పెడితే దాన్నే మీ క్వాలిటీ టీమ్ మీటింగులో చూపించండి. నెలనెలా రానివాళ్ల శాతం, కారణాలు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది. చెక్‌లిస్ట్‌లో నాణ్యత నిర్వహణ అని అడిగేది ఇదే. అసెసర్ కోసం వేరే కాగితాలు తయారు చేయక్కర్లేదు.

బ్రిటన్_జీపీ
నేను గుంటూరులో చదివి ఇప్పుడు ఇంగ్లండులో జీపీగా (ఫ్యామిలీ డాక్టరుగా) ఉన్నాను. ఇక్కడ 2004లో క్వాలిటీ అండ్ ఔట్‌కమ్స్ ఫ్రేమ్‌వర్క్ అని తెచ్చారు. మా జాబితాలో ఉన్న బీపీ పేషెంట్లలో ఎంతమందికి అదుపులో ఉందన్న లెక్క మీద ప్రాక్టీసుకు డబ్బు వస్తుంది. మంచేమిటంటే రిజిస్టర్లు పక్కాగా తయారయ్యాయి, రానివాళ్లకు కబురు పంపే పద్ధతి ఏర్పడింది. చాలా ప్రాక్టీసుల్లో పుట్టిన నెలలో ఏడాది చెకప్‌కి పిలుస్తారు. బీపీ, షుగర్, కిడ్నీ పరీక్ష అన్నీ ఒకే రాకలో అయిపోతాయి.

చెడు కూడా చూశాం. డబ్బు ముడిపెట్టిన అంశం మీద కంప్యూటర్ పదేపదే గుర్తుచేస్తుంది, పేషెంటు ఏ బాధతో వచ్చాడో అది వెనక్కి పోతుంది. స్కాట్లాండు 2016లో దాన్ని పూర్తిగా తీసేసింది. మీరు ప్రోత్సాహకాలు పెట్టినా, పెట్టకపోయినా కొలిచే అంశాలు కొన్నే ఉండాలని నా అభిప్రాయం. పుట్టిన నెల పద్ధతి మాత్రం ఖర్చు లేనిది. ఏడాదికోసారి షుగర్ పేషెంట్ల పాదాలు, కళ్లు చూడటానికి అక్కడా పనికొస్తుంది. పుట్టిన తేదీ సరిగా తెలియనివాళ్లకు ఏదో ఒక నెల మనమే ఇచ్చేయొచ్చు.

స్టాఫ్_నర్స్_అక్క
అందరూ బీపీ గురించే మాట్లాడుతున్నారు. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి చేయాల్సిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మాటేమిటి? చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. తలుపుకి గడియ లేని గదిలో ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? మా దగ్గర వారంలో ఒక రోజు, మగవాళ్లెవరూ లోపలికి రాకుండా, ఆడ స్టాఫే చేసేలా పెట్టాక రావడం మొదలైంది. డ్వాక్రా గ్రూపు నుంచి ముందు ఒకామె చేయించుకుని మిగతావాళ్లకు చెప్తే, మేం పది మీటింగులు పెట్టిన దానికంటే ఎక్కువ ఫలితం.

పల్లె_డాక్టర్
అక్కా, మా ఇన్‌పేషెంట్ గది పక్కనే చిన్న గది ఖాళీగా ఉంది, గడియా కర్టెనూ పెట్టిస్తే అక్కడే మొదలుపెట్టొచ్చు. అసెస్‌మెంట్‌లో పేషెంటు గోప్యతకు కూడా అదే అవసరం కదా. ఎంఎల్‌హెచ్‌పీ గారూ, మీ పెట్టె ఫొటో ఉంటే పంపండి. మరో సందేహం. మా ఊళ్లకు మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు వస్తాయి. వాళ్లలో మాత్రలు వాడేవాళ్లు మధ్యలో అయిపోతే ఆగిపోతారు. వాళ్లను ఎలా పట్టుకోవాలి?

కర్నూలు_ఎంఎల్‌హెచ్‌పీ
సార్, ఆ వెళ్లేది మా ఊళ్ల నుంచే. మూటాముల్లె సర్దుకునే ముందు మేస్త్రీతో మాట్లాడితే ఎవరెవరు వెళ్తున్నారో తెలుస్తుంది. స్టాకు ఉంటే రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి, మందు పేరు, మోతాదు, చివరి బీపీ కార్డు మీద రాసి చేతికిస్తాం. ఫోన్ నంబరు రాసుకుంటాం. మీ వైపు చేయాల్సిందల్లా, కోతల కాలంలో సాయంత్రం పూట గుడిసెల దగ్గరికి ఒకసారి వెళ్లి ఆ కార్డు చూసి, ‘మా పరిధి కాదు’ అనకుండా మాత్రలు ఇవ్వడం. పగలు వెళ్తే అందరూ చేలో ఉంటారు, ఎవరూ దొరకరు.