కొత్త కృతులకే ఒక సభ: కడపలో నిలబడుతుందా?

కడప వయొలిన్:
మేం కొందరం కలిసి కడపలో చిన్న కర్ణాటక సంగీత సభ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఈ కాలపు వాగ్గేయకారుల కృతులు, కొత్త రాగాలు, కొత్త పల్లవులు మాత్రమే ఉంటాయి. త్యాగరాజ ఆరాధనలు, అన్నమయ్య ఉత్సవాలు ఎలాగూ జరుగుతున్నాయి, వాటితో పోటీ లేదు. మామూలు కచేరీలో కొత్త కృతికి చోటు దొరికితే అది చివర్లో పాడే చిన్న పాటల (తుకడాల) దగ్గరే, అప్పటికి సగం మంది చెప్పులు వెతుక్కుంటుంటారు. అందుకే విడిగా సభ కావాలంటున్నా. మీరేమంటారు?

అనంతపురం శ్రోత:
విడిగా వద్దు, అన్నా. పల్లవి ఎత్తుకోగానే కృతి గుర్తుపట్టడంలోనే మాలాంటి వాళ్ళకు సగం ఆనందం. రెండు గంటలూ తెలియనివే పాడితే పట్టుకోవడానికి ఏముంటుంది? రెండు పాతవాటి మధ్య, ప్రధాన కృతికి ముందు, ఒక్క కొత్తది పెట్టండి. అందరూ కూర్చునే వింటారు.

కడప వయొలిన్:
ఒక్కటి పెడితే అది వచ్చి పోతుంది, ఎవరికీ గుర్తుండదు. మన తాళ్ళపాక సంగతే చూడండి. తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య పాటలకు రాగం పేరుంది, ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. ఈరోజు మనం వింటున్న వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాటిలో కొన్ని కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో మీ అనంతపురం జిల్లాలోనే పుట్టారు. పాతవనుకుని వింటున్నాం గానీ, ఆ సంగీతం మన తాతల కాలానిది. మళ్ళీ మళ్ళీ విన్నాం కాబట్టే మనదైంది.

కర్నూలు అక్క:
తమ్ముడూ, అక్కడ సాహిత్యం ఐదొందల ఏళ్ళ నాటిది. జనం వచ్చింది వెంకటేశ్వరస్వామి మీది పాట కోసం, వరస దాని వెంట వచ్చింది. నీ సభలో సాహిత్యమూ కొత్తదే, రాగమూ కొత్తదే. బాలమురళీకృష్ణగారంతటి వారు నాలుగు స్వరాలతో మహతి, లవంగి అనే కొత్త రాగాలు చేస్తేనే అవి రాగాలే కావన్న పండితులున్నారు. ఆయన గొంతుకు జనం ముందే దాసోహమయ్యారు కాబట్టి నిలబడ్డాయి. పేరులేని కుర్రవాడు చేస్తే ఎవరు వింటారు? నేను వింటాను, కానీ నాలాంటి వాళ్ళు ఎంతమంది?

మృదంగం (కడప):
పక్కవాద్యం వైపు నుంచి ఒక మాట. తెలిసిన కృతులైతే మేం రిహార్సల్ లేకుండా నేరుగా వేదిక ఎక్కుతాం. ఎడుపు (తాళంలో పాట మొదలయ్యే చోటు) ఎక్కడో, సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) ఎక్కడ మారుతుందో చేతికి తెలుసు. కొత్త కృతికి అలా కుదరదు. కనీసం రెండు మూడు సార్లు కలిసి కూర్చోవాలి, దానికి పారితోషికం ఇవ్వాలి. హాలు అద్దె, మైకు లెక్కేసుకుని సభ పెట్టేవాళ్ళు ఈ ఖర్చు మర్చిపోతారు. అప్పుడు కృతి వేదిక మీద తడబడుతుంది, చెడ్డపేరు రాసినవాడికి వస్తుంది. నా దృష్టిలో అసలు సమస్య శ్రోతలు కాదు, ఇదే.

కడప వయొలిన్:
అన్నా, ఇది నిజం. వియన్నాలో 1918లో స్వరకర్త షోన్‌బెర్గ్ పెట్టిన సంఘం గుర్తొస్తోంది. కొత్త సంగీతాన్ని బాగా సాధన చేసి వినిపించడం, ఒకే రచనను మళ్ళీ మళ్ళీ వాయించడం దాని పద్ధతి. విమర్శకులకు ప్రవేశం లేదు, చప్పట్లు కూడా నిషేధం.

కర్నూలు అక్క:
ఆ సంఘం 1921 దాటలేదు కదా! పైగా చప్పట్లు వద్దంటే మన దగ్గర కుదరదు. ముందు వరుసలో తాళం వేసేవాళ్ళు, "ఆహా" అనేవాళ్ళు లేకపోతే పాడేవాళ్ళకే ఊపు రాదు.

కడప వయొలిన్:
చప్పట్లు ఉంటాయక్కా, నాకు కావాల్సింది ఆ రెండోసారి వినిపించడం. ఒక సాయంత్రానికి మూడే కృతులు. ముందు ప్రతిదీ పాడి, రాసినవారు రాగం గురించి నాలుగు మాటలు చెప్పాక, మళ్ళీ పాడిస్తాం. రిహార్సల్ డబ్బు హాలు అద్దె కంటే ముందే పక్కన పెడతాం. చాలకపోతే హాలు మానేసి ఎవరింట్లోనైనా చాప వేసుకుని కూర్చుంటాం.

అనంతపురం శ్రోత:
ఇప్పటికీ విడి సభ అంటే నాకు ఇష్టం లేదు. కానీ రెండోసారి పాడతారంటే మాత్రం బస్సెక్కి వస్తా. సాహిత్యం, స్వరం ముందే కాగితం మీద ఇవ్వండి.

మృదంగం (కడప):
ఆ కాగితం మాకు కూడా, కనీసం నెల ముందు.