పాలమూరు బ్యాటరీ స్టార్టప్‌లో ఇప్పుడే డబ్బు పెట్టాలా, ఆగాలా?

జడ్చర్ల నుంచి:
మహబూబ్‌నగర్ దగ్గర ఒక చిన్న కంపెనీ స్కూటర్లకు, ఆటోలకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ సెల్స్ తయారుచేస్తోంది. ప్రస్తుతం పైలట్ లైన్, అంటే ప్రయోగంగా నడిపే చిన్న లైన్ మాత్రమే ఉంది. 18 నెలల్లో పెద్ద లైన్ వేస్తామంటూ తలా 10 లక్షలు అడుగుతున్నారు. స్నేహితులం ఆరుగురం వెళ్లి చూసొచ్చాం. సెల్స్ బాగానే పనిచేస్తున్నాయి. నాకైతే పెట్టాలనే ఉంది. కానీ ప్రొడక్షన్‌కు నిజంగా సిద్ధంగా ఉన్నారా, ఇది సరైన సమయమేనా అని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

కల్వకుర్తి నుంచి:
పెట్టండన్నా. దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల పెద్ద బ్యాటరీ ప్లాంటు, గిగా కారిడార్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్లు పెడతామన్నారు. దాని చుట్టూ పని తెలిసిన పిల్లలు, సరుకు తెచ్చేవాళ్లు తయారవుతారు. రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్ లేదు. వలసలకు పేరుపడ్డ జిల్లా మనది. పని ఊరి దగ్గరికే వస్తుంటే మనమే వెనకాడితే ఎట్లా?

షాద్‌నగర్ నుంచి:
సెల్ లైన్‌లో ఆరేళ్లు పనిచేశాను. పనిచేసే సెల్ ఒకటి చూపించడం పెద్ద కష్టం కాదు. రోజుకు వేల సెల్స్ ఒకే తీరుగా రావాలి, అదే కష్టం.

రాగి రేకు మీద గ్రాఫైట్, అల్యూమినియం రేకు మీద ఎల్‌ఎఫ్‌పీ పూత వేస్తారు. పైలట్ లైన్‌లో రేకు మెల్లగా కదులుతుంది, మనిషి పక్కనే నిలబడి సరిచేస్తాడు. పెద్ద లైన్ వేగం ఎన్నో రెట్లు. పూత మందం కొద్ది మైక్రాన్లు అటూ ఇటూ అయినా ఆ రోల్ పక్కన పడేయాల్సిందే. సెల్‌లో ఎలక్ట్రొలైట్ ద్రవం నింపే గదిలోకి తేమ రానివ్వకూడదు. వానాకాలంలో ఆ గదిని పొడిగా ఉంచడానికే బోలెడు కరెంటు పోతుంది. ఆ తర్వాత ఫార్మేషన్, ఏజింగ్: తొలి ఛార్జింగ్ నిదానంగా చేసి, సెల్స్‌ను రోజుల తరబడి ఉంచి, వోల్టేజీ పడిపోయేవాటిని ఏరేస్తారు. ఇవాళ పూతలో జరిగిన తప్పు అప్పటిదాకా బయటపడకపోవచ్చు. ఈలోపు అదే తప్పుతో ఎంత సరుకు తయారై ఉంటుందో లెక్కవేయండి.

స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అనే బ్యాటరీ కంపెనీకి వేల కోట్ల పెట్టుబడి వచ్చింది, పెద్ద కార్ల కంపెనీలు ఆర్డర్లు ఇచ్చాయి. తొలి సెల్ 2021 డిసెంబరులో తీసింది. ఉత్పత్తి మాత్రం అనుకున్నట్టు పెరగలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ దివాలా తీసింది. సెల్ చేయడం రాక కాదు, పెద్ద ఎత్తున చేయడం కుదరక.

మిర్యాలగూడ నుంచి:
మాది రైస్ మిల్లు. సర్కారు ధాన్యం ఆడిస్తే క్వింటాలుకు రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ 68 కిలోలు లెక్క అప్పజెప్పాలి. ఒక్క కిలో తగ్గినా మా జేబు నుంచే పోతుంది. సెల్స్‌కూ అవుట్‌టర్న్ ఉంటుంది కదా? వంద మొదలుపెడితే ఎన్ని అమ్మకానికి వస్తున్నాయి? ఆరు నెలల లెక్క, వారం వారం కావాలి. జడ్చర్ల తమ్మీ, ఇది అడిగినవా?

జడ్చర్ల నుంచి:
అడిగినన్నా. "చాలా బాగుంది" అన్నారు, అంకె చెప్పలేదు.

కల్వకుర్తి నుంచి:
అన్ని అంకెలూ పక్కా అయ్యేదాకా ఆగితే అప్పటికి షేరు ధర మనకు అందదు. కాపు చూశాక ఎవరైనా బత్తాయి మొక్క నాటుతారా?

నల్లగొండ నుంచి:
నాది బత్తాయి తోటే తమ్ముడూ. కాపు నాలుగైదేళ్లకు వస్తుంది. అప్పటిదాకా నీళ్లకు, మందులకు డబ్బు ఉందో లేదో చూసుకునే నాటుతాం. వీళ్ల 18 నెలలు 30 అయితే ఎవరి డబ్బుతో నడుపుతారు? మళ్లీ షేర్లు జారీ చేస్తే మన వాటా ఎంతకు దిగుతుంది?

ఇంకొకటి, కాపు వచ్చిననాటి ధర. బ్లూమ్‌బర్గ్‌ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2023లో కిలోవాట్ అవర్‌కు 139 డాలర్లు, మరుసటి ఏడాది 115. చైనా సెల్స్ ఇంకా చవక. కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ సబ్సిడీ మొదట కిలోవాట్ అవర్‌కు 5,000 ఉండేది, రెండో ఏడాది 2,500 చేశారు. వాళ్ల ప్లాన్‌లో రాసుకున్న అమ్మకపు ధర ఏ ఏడాదిదో ముందు అది చూడండి.

షాద్‌నగర్ నుంచి:
మార్కెట్ ఉందన్న మాటలో నేను కల్వకుర్తి మిత్రుడి వైపే. కాకపోతే కొత్త సెల్‌ను స్కూటర్ కంపెనీ నెలల తరబడి పరీక్షిస్తుంది, ప్యాక్ ఏఐఎస్ 156 అనే భద్రతా పరీక్ష పాస్ కావాలి. ఆ పరీక్షకు పెద్ద లైన్ మీద తీసిన సెల్సే కావాలి. అంటే 18 నెలలకు లైన్ తిరిగినా బిల్లు రాసేది ఆ తర్వాతే. డబ్బు విడతలుగా ఇవ్వండి. ఒక కొనుగోలుదారు రాతపూర్వకంగా ఓకే చెప్పాకే రెండో విడత.

కల్వకుర్తి నుంచి:
విడతలకు నేనూ ఒప్పుకుంటా. అసలే పెట్టొద్దంటే మాత్రం ఒప్పుకోను.

జడ్చర్ల నుంచి:
బుధవారం మళ్లీ వెళ్తున్నాం. వారం వారం లెక్క చూపిస్తే 3 లక్షలు ఇస్తా. మిగతా 7 ఆర్డరు కాగితం చూశాకే.

మిర్యాలగూడ నుంచి:
నేనూ వస్తా. లైన్ నడిచే టైంకు పోదాం. రిజెక్ట్ ట్రేలు దగ్గరుండి లెక్కబెడతా.