ట్రాక్ క్లీనింగ్ కార్ నడిపినా హెచ్‌ఓ పట్టాలు మళ్లీ నల్లబడుతున్నాయి, లోపం ఎక్కడ?

కాచిగూడ_హెచ్‌ఓ:

అందరికీ నమస్కారం. వివరాలు ముందే ఇస్తున్నాను. బల్ల మీద కట్టిన మోడల్ రైలు లేఅవుట్, హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు), 8×4 అడుగుల బల్ల, కోడ్ 100 (0.1 అంగుళం ఎత్తు) నికెల్ సిల్వర్ పట్టాలు, 18 అంగుళాల రేడియస్ మలుపులు, ఒకచోట 3 శాతం ఎత్తు (ఎక్కుడు వాలు). పాయింట్లు (రైలు దారి మార్చే చోట్లు) ఆరు, అన్నిటికీ ప్లాస్టిక్ ఫ్రాగ్‌లే (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కలు). నడిపేది డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజిన్లకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీద, 3 ఆంపియర్ల సిస్టమ్. కంకర మొత్తం ఫెవికాల్ నీళ్లతో అతికించింది.

ఇంజిన్లు నెమ్మదిగా పోతున్నప్పుడు లైట్లు మిణుకుమంటాయి, సౌండ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. క్లీనింగ్ కార్‌గా వాడుతున్నది ఇత్తడి రోలర్‌కి గుడ్డ చుట్టే రకం. గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి నడిపితే రెండు నల్లటి గీతలు పడతాయి, బండి బాగానే నడుస్తుంది. కొద్ది రోజులకే మళ్లీ అదే పరిస్థితి.

కారు మార్చాలా, ద్రవం మార్చాలా? ఇంట్లో చేసుకోగలిగిన కారు ఏదైనా ఉంటే కొలతలతో చెప్పగలరా?

డీసీసీ_బెంచ్:

కారు గురించి తర్వాత చూద్దాం. ముందు ఒక సంగతి గమనించండి: బండి ఎప్పుడూ ఒకే చోట తడబడుతోందా, చోటు మారుతోందా? ఒకే చోటైతే అది మురికి కాదు. పట్టాలను కలిపే జాయినర్ వదులై ఉంటుంది, లేదా ఆ ముక్కకు కరెంటు తెచ్చే ఫీడర్ వైరు లేదు. ఎంత తుడిచినా అక్కడ బాగుపడదు.

తేల్చుకోవడానికి కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు చాలు. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బల్బును పట్టాల మధ్య కలిపి, అక్కడే మల్టీమీటర్ ఏసీలో పెట్టి వోల్టేజీ చూడండి. మామూలు మీటర్ డీసీసీ వోల్టేజీని సరిగ్గా చూపించకపోవచ్చు, కానీ మనకు కావలసింది ఒక చోటుకూ ఇంకో చోటుకూ మధ్య తేడానే. పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ దగ్గర రీడింగు కంటే దూరపు మూలలో ఒక వోల్టు పైన తగ్గితే ఫీడర్లు పెంచాలి. మీటరు, మీటరున్నరకు ఒక జత ఉంటే నిశ్చింత. బల్బు చల్లగా ఉన్న క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి సిస్టమ్ ట్రిప్ అయితే 10 వాట్ల బల్బుతో చేయండి. రూపాయి నాణెం పట్టాల మీద అడ్డంగా పెట్టి కూడా చూడండి. లేఅవుట్‌లో ఎక్కడ పెట్టినా సిస్టమ్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా అవ్వకపోతే ఆ వైరింగు ప్రమాదకరం, వెంటనే సరిచేయండి.

చోటు మారుతూ తడబడుతుంటే మురికే. అప్పుడు మొదట చూడాల్సింది చక్రాలను. పట్టాల మీద పేరుకునే నల్లటి పదార్థంలో చక్రానికీ పట్టాకీ మధ్య పుట్టే సన్నటి నిప్పురవ్వల వల్ల వచ్చే ఆక్సైడ్, గాలిలోని దుమ్ము, గేర్ల నుంచి జారిన నూనె, ప్లాస్టిక్ చక్రాల అరుగుదల అన్నీ ఉంటాయి. మీరు పట్టాలు తుడిచి, తుడవని చక్రాలతో ఇరవై వ్యాగన్లు దాని మీదికి వదిలితే ఆ మడ్డి మళ్లీ పట్టాలకే చేరుతుంది. కొద్ది రోజులకే నల్లబడటానికి మొదటి కారణం ఇదే అని నా నమ్మకం.

ఇంజిన్ చక్రాలకు: పేపర్ టవల్ ముక్కను పట్టాల మీద అడ్డంగా పరిచి, కొద్దిగా తడిపి, ముందు చక్రాల ట్రక్కు (చక్రాలను పట్టుకునే చట్రం) కాగితం మీద, వెనకది పట్టాల మీద ఉండేలా పెట్టండి. ఇంజిన్‌ని చేత్తో పట్టుకుని 128 వేగపు స్టెప్పుల్లో 40 దగ్గర తిప్పండి. కాగితం మీద నల్లటి చారలు రావడం ఆగే వరకు చోటు మారుస్తూ ఉండండి, తర్వాత ఇంజిన్ తిప్పి రెండో ట్రక్కు. వ్యాగన్లకు తడిపిన కాటన్ బడ్ సరిపోతుంది. ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపు చక్రాలు వేసేయండి. కొనేముందు పాత ఇరుసు పొడవు కొన నుంచి కొనకు కొలవండి, కంపెనీని బట్టి తేడా ఉంటుంది.

మీ రోలర్ కారు విషయం. రోలర్ తిరగకూడదు. గుడ్డ పట్టాను రాసుకుంటూ పోవాలి. గుడ్డ వదులుగా చుడితే రోలర్ దొర్లుతుంది, అప్పుడు మురికిని తీయకుండా అదిమేస్తుంది. రెండు గీతలు నల్లబడగానే గుడ్డను కొంచెం తిప్పి శుభ్రమైన భాగం కిందికి తేవాలి. నల్లబడ్డ గుడ్డతో ఇంకో రౌండు వేస్తే ఒకచోటి మడ్డిని బల్లంతా పూసినట్టే.

వాల్తేరు_లైన్:

ఇంట్లో చేసుకునే కారు అడిగారు కదా. అమెరికాలో గోర్ అండ్ డఫెటిడ్ లేఅవుట్ కట్టిన జాన్ అలెన్ పేరుతో చెలామణీలో ఉన్న పద్ధతి ఒకటుంది: వ్యాగన్ అడుగున హార్డ్‌బోర్డ్ ముక్క తన బరువుతో తాను పట్టాల మీద జారుతూ పోతుంది. ఇంతకంటే తేలికైనది, ఇంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. హార్డ్‌బోర్డ్ కోసం వెతకనక్కర్లేదు. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే అట్ట అదే. ఒకవైపు నునుపు, ఇంకోవైపు వల అచ్చు పడిన గరుకు. ఆ గరుకు వైపే పట్టాలను తాకాలి.

వ్యాగన్ పొట్టిగా ఉండాలి. 40 అడుగుల బాక్స్ కారు సరిగ్గా సరిపోతుంది, హెచ్‌ఓలో సుమారు 140 మి.మీ. ఎందుకంటే మలుపులో వ్యాగన్ నడుము లోపలికి జరుగుతుంది. ట్రక్కుల మధ్య దూరం 105 మి.మీ. అనుకుంటే మీ 457 మి.మీ. రేడియస్‌లో ఆ జరుగుడు 3 మి.మీ. దాకా ఉంటుంది. ప్యాసింజర్ బోగీలో ఆ దూరం 210 మి.మీ., జరుగుడు 12 మి.మీ. అంటే ప్యాడ్ ఒక పట్టాను పూర్తిగా వదిలేస్తుంది. గేజు 16.5 మి.మీ., పట్టాల బయటి అంచుల మధ్య 19 దాకా. దానికి రెండువైపులా 3 చొప్పున కలిపితే 25, రంధ్రాల వదులుకు ఇంకొంచెం. కాబట్టి ప్యాడ్ వెడల్పు 28 మి.మీ., పొడవు 65 మి.మీ. కోయండి.

ముందు, వెనక అంచులను గరుకు వైపు నుంచి 45 డిగ్రీలకు చెక్కండి. ఇది మానేస్తే పాయింటు ఫ్రాగ్ దగ్గర, ఎత్తుపల్లాల జాయినర్ల దగ్గర తట్టుకుని వ్యాగన్ పట్టాలు తప్పుతుంది. నునుపు వైపు మధ్య గీత మీద, 40 మి.మీ. ఎడంతో రెండు సన్న మేకులను తలకిందులుగా నిలబెట్టి ఆరల్డైట్‌తో అతికించండి. మేకు పొడవు 25 మి.మీ., మందం 1.5 మి.మీ. ఫెవిక్విక్ వద్దు, అదురుకు ఊడుతుంది. వ్యాగన్ నేలకు అదే ఎడంలో 3 మి.మీ. రంధ్రాలు వేసి మేకులను లోపలికి దూర్చండి. ప్యాడ్ పైకీ కిందికీ స్వేచ్ఛగా ఆడాలి, వ్యాగన్ ఎత్తితే జారిపోవాలి. అదే సరైన గుర్తు.

హార్డ్‌బోర్డ్ ఒక్కటే 5, 6 గ్రాములు. ప్యాడ్ పైన మేకుల మధ్య సీసపు రేకు అతికించి మొత్తం 25–30 గ్రాములు చేయండి, అంతకు మించొద్దు. దాని ఒరిపిడి ఇంజిన్‌కి మామూలు వ్యాగన్లు రెండు మూడు అదనంగా తగిలించినంత భారం. మీ 3 శాతం ఎత్తు మీద ఇది లెక్కలోకి వస్తుంది. వ్యాగన్ బరువు మాత్రం అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం ఉంచండి: ఒక ఔన్సు, పైన ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. ఐదున్నర అంగుళాలకు దాదాపు 106 గ్రాములు. తేలికైన వ్యాగన్‌ని ప్యాడ్ మలుపులో పక్కకు లాగేస్తుంది.

ఈ కారు పొడిగానే నడపాలి. నల్లబడ్డ ప్యాడ్‌ని 220 నంబరు ఉప్పు కాగితం మీద నాలుగు సార్లు రుద్దితే కొత్తదవుతుంది. లెవల్ క్రాసింగ్ పలకలు పట్టా తల కంటే ఎత్తుగా ఉంటే ప్యాడ్ అక్కడ లేచిపోతుంది. ఆ భాగం చేత్తోనే తుడవాలి.

రోజూ నడిచే ఏదో ఒక గూడ్స్‌లో ఇలాంటిది ఒకటి ఉంచేస్తే పట్టాలు శుభ్రంగానే ఉంటాయి. అయితే బాగా నల్లబడిన పట్టాలను ఇది తెల్లబరచలేదు. మొదటిసారి చేత్తో పూర్తిగా తుడిచి, ఆ స్థితిని నిలబెట్టుకోవడానికే ఈ కారు.

ఎడిసన్_ఎన్‌స్కేల్:

ద్రవం గురించి. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), అసిటోన్ లాంటివి పోలార్ ద్రావకాలు, అంటే అణువుల్లో విద్యుదావేశం ఒక పక్కకు ఒరిగినవి. ఆ గుణాన్ని సూచించే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం ఐపీఏకి 18–20, అసిటోన్‌కి 21 దగ్గర. మినరల్ టర్పెంటైన్, కిరోసిన్‌లకు 2 చుట్టూ. పోలార్ ద్రావకంతో తుడిచిన పట్టా మీద నిప్పురవ్వలు, వాటి ఆక్సైడ్ త్వరగా వస్తాయన్నది చాలామంది సీనియర్ మోడలర్ల వాదన. అందుకే ఆఖరి తుడుపు నాన్-పోలార్ ద్రావకంతో చేయమంటారు. నా ఓటు దానికే.

హైదరాబాద్ పెయింట్ షాపుల్లో మినరల్ టర్పెంటైన్ తేలిగ్గా దొరుకుతుంది. బన్నీను గుడ్డకి తడి తగిలిందా లేదా అన్నంత చాలు, తర్వాత పొడి గుడ్డ తప్పనిసరి. డబ్ల్యూడీ-40 వాడాలనుకుంటే కాంటాక్ట్ క్లీనర్ రకం తీసుకోండి. మామూలు నీలం డబ్బా నూనె పొర వదులుతుంది, దానికి దుమ్ము అతుక్కుంటుంది, మీ ఎత్తు మీద ఇంజిన్ జారుతుంది. ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్ స్లీపర్లను, వ్యాగన్ల రంగును కరిగిస్తాయి.

డీసీసీ_బెంచ్:

ఎడిసన్ గారూ, ఐపీఏను నేను అంత తీసిపారేయను. నూనె కలిసిన పాత మడ్డిని అది త్వరగా వదిలిస్తుంది. మొదటి తుడుపు ఐపీఏ, ఆఖరిది టర్పెంటైన్ అంటే ఇద్దరం ఒప్పుకుంటాం అనుకుంటాను.

కాచిగూడ గారూ, మీకు ఐపీఏతో ఇంకో చిక్కుంది. ఫెవికాల్‌తో అతికించిన కంకరను అది మెత్తబరుస్తుంది. తడి ఎక్కువై కారితే స్లీపర్ల మధ్య రాళ్లు ఊడి పాయింట్ల నాలుకల్లో (దారి మార్చడానికి కదిలే పట్టా కొనల్లో) ఇరుక్కుంటాయి. సీఎంఎక్స్ లాంటి, ట్యాంకులోని ద్రవంతో ప్యాడ్‌ని తడిపే ఇత్తడి క్లీనింగ్ కార్లు కొన్నా ఇదే జాగ్రత్త: వాల్వు మూసి ద్రవం పోసి, ప్యాడ్ చెమ్మగిల్లే వరకు సన్నగా తెరవాలి. చుక్క పడిందంటే ఎక్కువైనట్టే. రైలు ఆపినప్పుడు వాల్వు మూసేయాలి.

నిప్పు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీలకే అంటుకోగలదు. మినరల్ టర్పెంటైన్‌కి అది 30–40 డిగ్రీలు, అంటే మే నెలలో మన గదుల్లో అదీ క్షేమం కాదు. చక్రాల దగ్గర రవ్వలు పుడుతూనే ఉంటాయి కాబట్టి తడి కారు నడిపేటప్పుడు కిటికీలు తెరవండి, సీసా మూత పెట్టి గది బయట ఉంచండి, అగరుబత్తి కూడా వెలగకూడదు.

కాచిగూడ_హెచ్‌ఓ:

బల్బు పరీక్ష చేశాను. దూరపు మూలలో తేడా 0.3 వోల్టే, కాబట్టి మురికే. రెండు సందేహాలు: కార్లను రైలులో ఏ వరసలో పెట్టాలి? తుడిచాక కూడా రెండు పాయింట్ల మీద పొట్టి ఇంజిన్ ఆగిపోతోంది, అక్కడ ఏం చేయాలి?

వాల్తేరు_లైన్:

ముందు మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో దుమ్ము తీయండి. దుమ్ము మీద తడి పడితే ముద్ద అవుతుంది. తర్వాత వరస: ఇంజిన్, హార్డ్‌బోర్డ్ కారు, తడి రోలర్ కారు, పొడి గుడ్డ కారు. ఇంజిన్ ముందుండి లాగితే మురికి పట్టా మీద నడవాలి, వెనకుండి నెడితే తడి పట్టా మీద జారాలి. వీలైతే రెండు ఇంజిన్లను కన్సిస్ట్‌గా (ఒకే ఆదేశంతో కలిసి నడిచేలా) కలిపి ఒకటి ముందు, ఒకటి చివర పెట్టండి. పొడి గుడ్డ కారు చివరి ఇంజిన్‌కి ముందే ఉండాలి. రబ్బరు టైర్లున్న ఇంజిన్‌ని ఈ పనికి పెట్టొద్దు, టర్పెంటైన్‌కి ఆ రబ్బరు ఉబ్బి వదులవుతుంది. వేగం నడక కంటే తక్కువ. ఎత్తును మొదట పొడిగా, తర్వాత దిగేటప్పుడు మాత్రమే తడిగా చేయండి.

పాత వాళ్లు చెప్పే స్టీల్ పీచు పట్టాల దగ్గరికి రానివ్వకండి. దాని పొడిని మోటారు అయస్కాంతం లాగేసుకుంటుంది. ముతక ఉప్పు కాగితం పట్టా మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మడ్డి కూర్చుంటుంది. రబ్బరు బ్లాకు కూడా మొదటిసారి మొండి మరకలకే.

ఎడిసన్_ఎన్‌స్కేల్:

పాయింట్ల సంగతి. ఏ క్లీనింగ్ కారైనా పట్టా తలనే తుడుస్తుంది. చాలా పాయింట్లలో కదిలే నాలుకకు కరెంటు అందేది అది పక్క పట్టాను ఆనుకునే లోపలి ముఖం నుంచి. అక్కడికి ప్యాడ్ చేరదు. విజిటింగ్ కార్డు మందం ఉన్న అట్టను సన్నటి పట్టీగా కోసి, కొన మీద ఒక చుక్క కాంటాక్ట్ క్లీనర్ వేసి, నాలుకకూ పట్టాకూ మధ్య పెట్టి పాయింటు మూసి బయటికి లాగండి. నలుపు రావడం ఆగే వరకు పట్టీ మారుస్తూ రెండు వైపులా చేయండి. నాలుక కింద స్ప్రింగు బలహీనపడి గట్టిగా ఆనకపోతే శుభ్రం చేసినా లాభం లేదు, దాన్ని సరిచేయాలి.

ఆగేది ఫ్రాగ్ మీదే అయితే కారణం వేరు. పొట్టి ఇంజిన్‌కి కరెంటు తీసుకునే చక్రాలు తక్కువ, ప్లాస్టిక్ ముక్క మీద ఒకటి రెండు పడగానే మిగిలిన వాటిలో ఒక్కటి మురికిగా ఉన్నా చాలు ఆగడానికి. ఆ ఇంజిన్‌కి కీప్-అలైవ్ కెపాసిటర్ (కరెంటు తెగిన క్షణంలో ఇంజిన్‌ని నడిపే భాగం) వేయించండి, డీకోడర్ (ఇంజిన్ లోపల డీసీసీ ఆదేశాలు అందుకునే చిప్పు) దాన్ని ఒప్పుకునేదో లేదో ముందు చూసుకుని. గ్రాఫైట్ కడ్డీ రాసే ఆలోచన ఉంటే సమతలపు పట్టా లోపలి అంచు మీద ఒక్క గీత చాలు. ఎత్తు మీద రాస్తే జారుతుంది. ఫ్రాగ్ దగ్గరా, ఇన్సులేటెడ్ జాయినర్ల దగ్గరా అసలు రాయకండి. గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది, షార్ట్ అవుతుంది.

వాల్తేరు_లైన్:

ఒక్క చేర్పు. నడపని రోజుల్లో బల్ల మీద పలచటి ప్లాస్టిక్ షీటు కప్పండి, ఇంజిన్ అడుగున గేర్లకు వేసే నూనె మోతాదు సూది మొన మీద నిలిచేంతే ఉంచండి. వేళ్లతో పట్టాలు తాకకుండా ఉండండి. ఎంత తరచుగా తుడవాలన్నదానికి పట్టా చూడక్కర్లేదు: హార్డ్‌బోర్డ్ ప్యాడ్ ఒక్క రౌండుకే నల్లబడితే చక్రాలు తుడిచే వేళయింది, లేత బూడిద రంగులో ఉంటే వదిలేయండి.