వాటర్ స్కీ స్లాలమ్: మూడో బంతి దగ్గర తాడు వదులవుతోంది, ఫిన్ మార్చాలా బోటు చూసుకోవాలా?

కట్టమీదగాలి ప్రశ్న:

అన్నలందరికీ నమస్తే. సిటీకి గంటన్నర దూరంలో, పర్మిషన్ ఉన్న ఒక ప్రైవేటు చెరువులో స్లాలమ్ చేస్తున్నా, అంటే బోటు లాగుతుంటే ఒకే స్కీ మీద నిలబడి, గేటులోంచి దూరి, అటూ ఇటూ తేలే ఆరు బంతుల (బోయ్‌ల) బయటి నుంచి తిరిగి, చివరి గేటు దాటడం. బరువు 78 కిలోలు. స్కీ 67 అంగుళాలు, ముందు కాలికి పూర్తి బూటు, వెనక కాలికి టో ప్లేటు (కాలివేళ్ళు దూర్చే పట్టీ). తాడు 18.25 మీటర్లు, అంటే ఎర్ర లూపు (తాడు పొడవుకు గుర్తుగా ఉండే రంగు ముడి). బోటుకు 115 హెచ్‌పీ ఔట్‌బోర్డు, మధ్యలో పైలాన్ (తాడు కట్టే స్తంభం) ఉంది. స్పీడ్ కంట్రోల్ లేదు, థ్రాటిల్ అంతా డ్రైవర్ చేతిలోనే.

43 కిలోమీటర్ల స్పీడులో ఆరు బంతులూ దాదాపు ప్రతిసారీ వస్తున్నాయి. 46కి వెళ్తే ఒకటి, రెండు బాగానే ఉంటాయి. మూడో బంతి తిరిగాక తాడు వదులైపోతుంది, మళ్ళీ బిగుసుకునేటప్పుడు ఒక్క గుంజు గుంజి ముందుకు పడేస్తుంది. ఫిన్ (స్కీ తోక కింద ఉండే రెక్క) లోతు పెంచమని ఒకరు, బూటు ముందుకు జరపమని ఒకరు, 68 స్కీ కొనమని ఇంకొకరు అంటున్నారు. ముందు దేనిమీద చెయ్యి వెయ్యాలి?

---

డ్రైవర్‌సీటు:

ఫిన్ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. ముందు బోటును కొలువు. చేత్తో థ్రాటిల్ పట్టే ఔట్‌బోర్డు వెనక మూడో బంతి దగ్గరే తాడు వదులవుతోందంటే నా అనుమానం మొదట స్పీడు మీదికే పోతుంది.

కోర్సు పొడవు ప్రవేశ గేటు నుంచి చివరి గేటు దాకా 259 మీటర్లు. 46లో అది 20.27 సెకన్లలో అయిపోవాలి, 43లో 21.68లో. డాష్‌బోర్డు స్పీడోమీటర్‌ను నమ్మకు. దాని నీటి గొట్టంలో కాస్త నాచు ఇరుక్కుంటే చాలు, తప్పు చూపిస్తుంది. ఫోన్ జీపీఎస్ ఒక పక్క, స్టాప్‌వాచ్ ఒక పక్క పెట్టుకోండి. మొత్తం టైము 19.8 వచ్చిందంటే నువ్వు 46 అనుకుంటూ 47 వెనక పోతున్నావన్న మాట.

అయితే మొత్తం టైము ఒక్కటే చూస్తే అసలు తప్పు దొరకదు. మూడో బంతికి ఎదురుగా ఉన్న బోటు గేటు (బోటు మధ్యలోంచి పోయే బోయ్‌ల జత) దగ్గర కూడా ఒకసారి వాచీ నొక్కాలి. అక్కడికి 27, 41, 41 కలిపి 109 మీటర్లు, 46లో 8.53 సెకన్లు. అక్కడ 8.75 వచ్చి, చివర్లో మాత్రం సరిగ్గా 20.27 వచ్చిందనుకో. మొదటి సగం బోటు 45 కన్నా తక్కువలో నడిచింది, రెండో సగం దాదాపు 47లో నడిచింది. సగటు చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వెనక ఉన్నవాడికి మాత్రం మూడో బంతి దగ్గర స్పీడు ఎక్కుతున్న బోటు దొరుకుతుంది.

ఎందుకిలా అవుతుందంటే, నువ్వు గేటులోంచి గట్టిగా లాగినప్పుడు బోటు ఒకటి రెండు కిలోమీటర్లు పడిపోతుంది. డ్రైవర్ అది చూసి థ్రాటిల్ తోస్తాడు. ఇంజిన్ అందుకునేసరికి నీ లాగుడు అయిపోయి నువ్వు బంతి దగ్గరికి వచ్చేసి ఉంటావు. అవసరమైనప్పుడు లేని బలం అక్కర్లేనప్పుడు వస్తుంది. ప్రతి బంతికీ ఇది కొంచెం కొంచెం పెరిగి మూడో దాంట్లో బయటపడుతుంది.

డ్రైవర్‌కు చెప్పాల్సింది: గేటుకు 150, 180 మీటర్ల ముందే స్పీడు స్థిరపడాలి. గేటులోకి 46.5తో రావాలి. అక్కడి నుంచి మీటరు వెంట పడకుండా, నువ్వు తాడు లాగడం మొదలుపెట్టే క్షణానికే గోరంత తొయ్యాలి, నువ్వు రెండో అల (బోటు వెనక రెండు పక్కలా లేచే అలల్లో తర్వాత దాటేది) దాటగానే అంతే వెనక్కి తియ్యాలి. స్టీరింగ్ కూడా అంతే, లాగుడు వచ్చాక కాదు, వచ్చే ముందు. కళ్ళు చివరి గేటు మీద ఉండాలి. వెనక్కి చూసే పని అబ్జర్వర్‌ది.

అబ్జర్వర్‌ను డ్రైవర్‌కు ఎదురు పక్క కూర్చోబెట్టండి. బోటు ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క అల గట్టిపడుతుంది. స్కీ ఎగిరితే అది నీ కాళ్ళ తప్పనుకుంటావు. మోటారు ట్రిమ్ (మోటారు వంపు) బయల్దేరేటప్పుడు పూర్తిగా కిందికి, స్పీడు అందాక కొద్దిగా పైకి. ముక్కు ఊగడం మొదలైతే ఎక్కువైనట్టే, ఒక నొక్కు కిందికి దించాలి.

ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు తోసే దూరం) కూడా చూడండి. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎమ్ అందుకోకపోతే పిచ్ ఎక్కువైందని అర్థం. ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎమ్ పెరుగుతుంది. టాప్ స్పీడు కొంత పోతుంది, కానీ లాగినప్పుడు బోటు స్పీడు పడిపోవడం తగ్గుతుంది. స్లాలమ్‌కు కావలసింది అదే. ఇంకొకటి, ఎవరైనా తాడు వేక్‌బోర్డ్ టవర్‌కు కట్టమంటే వినొద్దు. ఎత్తు నుంచి లాగితే స్కీ మీద నీ బరువు నిలవదు, బోటు కూడా పక్కకు ఒరుగుతుంది.

---

టేపుపట్టు:

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతున్నా. కోర్సును కొలిచి ఎన్నాళ్ళయింది? మన చెరువుల్లో సంక్రాంతి దాటితే నీళ్ళు దిగుతూ ఉంటాయి. నీళ్ళు దిగినంత మేరా లంగరు తాడు వదులవుతుంది, బంతి గాలికి తిరుగుతూ ఉంటుంది.

బంతులు మధ్య గీత నుంచి 11.5 మీటర్ల దూరంలో ఉండాలి. సాగని టేపుతో ఐమూలగా కొలవండి. గేటు మధ్య నుంచి ఒకటో బంతికి 29.35, ఒకటి నుంచి రెండుకు 47.01, అలాగే ఆరు దాకా ప్రతిదీ 47.01. కొలిచేది తెల్లవారగానే, గాలి లేవకముందు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మనకు పెద్ద శత్రువు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ రెగట్టాలు (తెరచాప పడవల పోటీలు) జూలైలో పెట్టేది ఆ గాలి కోసమే. వాళ్ళకు పండగైన గాలి మనకు పనికిరాదు. ఆ నెలల్లో ఉదయం ఎనిమిదిలోపు సెట్లు (ఒక్కో దఫా స్కీయింగ్) ముగించుకోండి.

---

కట్టమీదగాలి:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. ఈ పొద్దున రెండూ కొలిచాం. టైము మూడో బంతి దగ్గర 8.8, మొత్తం 20.2. కోర్సులో రెండు నుంచి మూడుకు 46.1, మూడు నుంచి నాలుగుకు 47.9. మిగతావి సరిగ్గానే ఉన్నాయి.

---

టేపుపట్టు:

లెక్క కలిసింది. మూడో బంతి ఒక మీటరు రెండో దాని వైపు జరిగింది. రెండు నుంచి మూడుకు 41 మీటర్లు ఉండాల్సింది 40 ఉంది. 46లో మీటరంటే 0.08 సెకను. చిన్నదే, కానీ ముందే ఆలస్యంగా వస్తున్నవాడికి అది చిన్నది కాదు. లంగరు తాడు బిగించి, బంతికి అర మీటరు కింద ఇంకో చిన్న బోయ్ ముంచి కట్టండి. అది లంగరు తాడును నిటారుగా పట్టి ఉంచుతుంది, పైన బంతి తిరగదు.

---

డ్రైవర్‌సీటు:

8.8 అంటే మొదటి 109 మీటర్లు 44.6లో, మిగతా 150 మీటర్లు 47.4లో. దాదాపు మూడు కిలోమీటర్ల తేడా! నువ్వు ఒకే పాస్‌లో (కోర్సు ఒకసారి దాటడంలో) రెండు స్పీడుల్లో స్కీ చేస్తున్నావు. డ్రైవర్‌ను తప్పుపట్టాల్సింది లేదు, చేత్తో పట్టేవాళ్ళందరికీ మొదట్లో ఇదే వస్తుంది. వెనక ఎవరూ లేకుండా నాలుగు పాస్‌లు నడపమను, తర్వాత నీతో 43లో. మూడో గేటు టైముకు 0.1 సెకను లోపల తేడా వచ్చేదాకా 46కి పోవద్దు.

---

ఎర్రలూపు:

బోటు, కోర్సు సరిచేశాక కూడా వదులు కొంత మిగులుతుంది. అది నీ వైపు నుంచి వచ్చేది. 43లో సరిపోయిన తప్పు 46లో సరిపోదు.

తాడు వదులైందంటే నువ్వు బోటు వైపుకు, బోటు ముందుకు పోయేదానికన్నా త్వరగా వచ్చేశావని అర్థం. ఇది బంతి దగ్గర మొదలవదు, అంతకుముందు అలల దగ్గరే మొదలవుతుంది. ఆలస్యమయిందన్న కంగారులో రెండో అల దాటాక కూడా లాగుతూనే ఉంటాం. ఆ వేగంతో బంతి మీదికి పోతాం, స్కీ తిప్పడానికి చోటు ఉండదు, బంతి దాటాక ఒక్కసారిగా తిప్పుతాం, తాడు పోతుంది. లాగాల్సింది బంతి నుంచి అల దాకా, అల నుంచి బంతి దాకా కాదు. బలమంతా మొదటి అలకు చేరేలోపు అయిపోవాలి. రెండు అలల మధ్య మోకాళ్ళు వదిలితే స్కీ తనంతట తానే అంచు మార్చుకుంటుంది, అంటే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరుగుతుంది.

రెండో అల దాటేటప్పుడు చేతులు చూసుకో. హ్యాండిల్ బొడ్డు దగ్గర, మోచేతులు లైఫ్ జాకెట్‌కు ఆనుకుని ఉండాలి. చాలామంది ఇక్కడే చేతులు పైకి చాస్తారు. హ్యాండిల్ ఒంటికి దూరమైన క్షణం నుంచి బోటు నిన్ను లోపలికి లాగుతుంది, వెడల్పు పోతుంది. స్కీ బయటికి జారి అంచు మారాకే బయటి చెయ్యి వదలాలి. బోటు వైపు చెయ్యి హ్యాండిల్‌తో నెమ్మదిగా ముందుకు పోవాలి. ఛాతీ బోటును చూస్తుండాలి, తుంటి ముందు పాదం పైన ఉండాలి. బంతిని చూడకు. చూస్తే తల వంగుతుంది, తలతో పాటు నడుము విరుగుతుంది, బరువు వెనక కాలి మీద పడుతుంది.

తిరిగాక స్కీ వచ్చి హ్యాండిల్‌ను కలిసేదాకా ఓపిక పట్టాలి. హ్యాండిల్‌ను నీవైపు గుంజుకుంటే ఆ గుంజినంతా తాడు వదులవుతుంది. చెయ్యి నిటారుగా ఉంచి, నడుమును హ్యాండిల్ దగ్గరికి తీసుకుపో. వదులు వచ్చేసిందే అనుకో, అప్పుడు వెనక్కి వాలకు. మోకాళ్ళు మెత్తగా, చేతులు కిందికి, స్కీ ముక్కు బోటు వైపు కాస్త తిప్పి ఉంచు. బిగుసుకునేటప్పుడు కుదుపు నడుముకు కాదు, కాళ్ళకు తగలాలి.

గేటు సంగతి. ఒకటో బంతి కుడివైపు కాబట్టి నువ్వు ఎడమకు వెళ్ళి ఉండాలి. గేటుకు 55 మీటర్ల ముందున్న బోయ్‌ల దగ్గరికి బోటు వచ్చేసరికి బయటికి కదిలి, ఎడమ వైపు బంతులంత వెడల్పుకు పోయి, అక్కడ స్కీ మీద నిటారుగా జారుతూ నిలవాలి. తొందరపడి తిరగకుండా, గేటులో కుడి బోయ్‌కు ఆనుకుని దూరేలా రా. గేటు అర సెకను ముందు దొరికితే మూడో బంతి దాకా ఆ అర సెకను నీ దగ్గరే ఉంటుంది. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే గేటుకు ముందు నువ్వు చాలినంత వెడల్పుకు పోవడం లేదని నాకనిపిస్తోంది, వీడియోలో చూసుకో.

వారం పాటు సెట్‌కు ఆరు పాస్‌లు చాలు: 43లో నాలుగు, 46లో రెండు. అలసిపోయాక చేసే ఏడో పాస్ తప్పునే అలవాటు చేస్తుంది. 46లో మూడోది మళ్ళీ రాకపోతే, మధ్య గీత నుంచి 8 మీటర్ల దూరంలో తాత్కాలికంగా బంతులు కట్టి అదే స్పీడులో తిరుగు. లయ దొరికాక బయటికి జరపొచ్చు.

---

వెర్నియర్:

ఇక స్కీ. 78 కిలోలకు ఈ స్పీడులో 67 పనికిరానిదేం కాదు, కొత్తది కొనే పని లేదు. ఫిన్ ఎప్పుడో ఎవరో కదిపారేమో తెలియకపోతే కంపెనీ అంకెల దగ్గరికి తీసుకురా, అంతవరకే.

డిజిటల్ వెర్నియర్ కావాలి, అంగుళంలో వెయ్యో వంతు చూపించేది. కొలిచేది మూడు: ఫిన్ పొడవు, లోతు, తోక నుంచి దూరం. చాలా స్కీలకు అంగుళాల్లో పొడవు 6.8, 6.9 దగ్గర, లోతు 2.4, 2.5 దగ్గర, తోక నుంచి దూరం 0.7, 0.8 దగ్గర ఉంటుంది. నీ మోడల్ అంకెలే తీసుకో. పొడవును వెర్నియర్ దవడలతో కొలిస్తే ఒక అంకె, మొనలతో కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. కంపెనీ దేంతో కొలిచిందో చూడకుండా సెట్ చేస్తే స్కీ పూర్తిగా మారిపోతుంది. నెట్‌లో దొరికిన అంకెలతో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక్కో కొలత మూడుసార్లు తియ్యి, మూడూ కలవాలి. ఫిన్ అంచు మీద గోరు నడిపి చూడు. రాయి తగిలిన గంటు ఉంటే ముందు సన్నని ఎమెరీ కాగితంతో దాన్ని తియ్యి.

ఆ తర్వాత, బోటు స్పీడు సరిగ్గా ఉన్న పది పాస్‌ల వీడియో చూసి నిర్ణయించు. బంతి దాటాక ముక్కు పైకి లేచి స్కీ వెడల్పుగా తిరుగుతుంటే ముందు బూటును ఒక్క రంధ్రం ముందుకు. ముక్కు నీళ్ళలో గుచ్చుకుని స్కీ ఆగిపోయినట్టవుతుంటే ఒక్క రంధ్రం వెనక్కి. తిరిగేటప్పుడు తోక జారిపోతుంటే లోతు 0.005 అంగుళం పెంచు. ఒకసారికి ఒక్కటే మార్చు, కనీసం రెండు సెట్లు దాంతోనే చెయ్యి. బూటు జరిపిన రోజు ఫిన్ ముట్టుకోవద్దు.

---

కట్టమీదగాలి:

అన్నా, నా ఫిన్‌కు 9 డిగ్రీల వింగ్ (ఫిన్‌కు అడ్డంగా బిగించే చిన్న రేకు) ఉంది. దాన్ని ఉంచాలా?

---

వెర్నియర్:

వింగ్ చేసే పని స్కీని బంతికి ముందు నెమ్మదింపజేయడం. 55, 58లో వచ్చేవాళ్ళకు అది కావాలి. 46లో నువ్వు అలలు దాటడానికే వేగం సరిపోక లాగుతున్నావు కాబట్టి 7కి దించు, లేదా తీసి నాలుగు సెట్లు చూడు. తీస్తే ఆ రంధ్రాలు అలాగే వదిలెయ్, ఏమీ కాదు. వింగ్ మళ్ళీ బిగించేటప్పుడు రెండు పక్కలా కోణం కొలువు. ఒక పక్క 7, ఒక పక్క 8 ఉంటే స్కీ ఒక వైపు మాత్రమే బాగా తిరుగుతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు.