ట్రైనింగ్‌కి వెళ్లాక మా తమ్ముడు మాట్లాడటమే తగ్గించాడు, ఇది మామూలేనా?

కావలి అన్న (ప్రశ్న):
మా తమ్ముడు ఆర్మీలో అగ్నివీర్‌గా ఎంపికై హైదరాబాద్ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్లి అయిదు వారాలైంది. ఇక్కడ జవహర్ భారతి గ్రౌండులో తెల్లారకముందే లేచి పరుగెత్తినోడే. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపే పూర్తిచేసి 60 మార్కులూ తెచ్చుకున్నాడు. అలాంటోడు ఆదివారం ఫోన్ చేస్తే "ఊఁ, బాగున్నా" అని పెట్టేస్తున్నాడు. మొన్న అమ్మ గొంతు వినగానే ఏడ్చేశాడు. అమ్మ ఇంటికి తెచ్చేసుకుందామంటోంది. అందరికీ ఇట్లాగే ఉంటుందా?

పాత హవల్దారు, ఒంగోలు:
అబ్బయ్యా, నేను 1993లో నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్ ట్రైనింగ్ సెంటర్‌లో చేరా. ఒంగోలు ఎండలో పెరిగిన ఒంటికి అక్కడి చలి ఒకటి, హిందీ రాకపోవడం ఇంకొకటి. చలికి నెలలో అలవాటు పడ్డా. హిందీతోనే చచ్చా. ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) 'పీఛే ముడ్', అంటే వెనక్కి తిరుగు అంటే, నేను కుడికి తిరిగా. శిక్షగా స్క్వాడ్ మొత్తానికీ ఫ్రంట్ రోల్స్, నేలమీద పల్టీలు. మోచేతులు గీరుకుపోయిన సంగతి మర్చిపోయా గానీ, లేచాక వాళ్లు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చా.

పైగా నిద్ర చాలదు. నిద్ర చాలకపోతే ఎంతటోడికైనా చిన్నమాటకే కళ్లనీళ్లొస్తాయి. మూడో నెలకి అదే స్క్వాడ్‌లో ఒక తమిళ కుర్రాడు, అయిదు కిలోమీటర్ల పరుగులో నేను వెనకబడితే నా రైఫిల్ కూడా తనే మోశాడు. ఆ తర్వాత ఇంటి బెంగ తగ్గిపోయింది.

ఒక్కటి మాత్రం అడుగు: ముంగాలి ఎముక నొప్పేమన్నా ఉందా అని. రెలిగేట్ చేసి వెనక బ్యాచ్‌లో వేస్తారన్న భయంతో పిలకాయలు దాస్తారు. ఎముక చిట్లేదాకా తెచ్చుకుంటారు. ఆ టెన్షన్‌కే మాట్లాడటం తగ్గిపోతుంది. పడుకునే టైం దొరికి కూడా నిద్రపట్టట్లేదన్నా, బతికేం లాభం అన్నా ఆలస్యం చెయ్యొద్దు, సెంటర్‌లో పైవాళ్లకి చెప్పండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నెల్లూరు అమ్మ:
మావాడప్పుడు నేనే ఫోన్లో ముందు ఏడ్చేదాన్ని నాయనా. వాడు ఇంకా ముడుచుకుపోయేవాడు. తర్వాత గేదె ఈనింది, పక్కింటోళ్లు గోడ కట్టారు, ఇట్లాంటివే చెప్పా. వాడే మాటల్లో పడ్డాడు.

కావలి అన్న:
అడిగా హవల్దారు గారూ. ఎడమకాలు పది రోజులుగా నొప్పంట! రేపు ఎం.ఐ. రూముకి (సెంటర్‌లో డాక్టర్ చూసే చోటు) వెళ్తానని ఒట్టేశాడు. హిందీ మాత్రం బాగానే ఎక్కినట్టుంది, పొరపాటున అమ్మని 'జీ ఉస్తాద్' అన్నాడు. అమ్మ అన్నం తింది.