మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేస్తున్న పిల్లలు: బడి స్థాయిలో మనం చేయగలిగింది ఏమిటి?

ప్రశ్న: జీవశాస్త్రం టీచర్, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ బాధ్యత కూడా నాదే కావడంతో, రోజూ మొదటి పీరియడ్ ఆ పిల్లల దగ్గరే గడుస్తోంది. ఇన్నేళ్లుగా చూస్తూ కూడా నేను సరిగా పట్టించుకోని విషయం ఒకటి ఇప్పుడు నా మనసును తొలుస్తోంది. ప్రార్థన ముగిసి తరగతిలోకి వచ్చిన పావుగంటకే ఆరేడుగురు ఆడపిల్లలు బల్ల మీద తల వాల్చేస్తున్నారు. మొదట్లో అశ్రద్ధ అనుకుని మందలించాను.

పోయిన వారం రక్త ప్రసరణ పాఠం చెబుతుండగా ఒక అమ్మాయిని లేపి ప్రశ్న అడిగితే, నిలబడిన వెంటనే కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది. దగ్గరకు తీసుకుని కింది రెప్ప లాగి చూశాను. లోపల ఎర్రదనమే లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. పొద్దున ఏం తిన్నావని అడిగితే, ‘టీలో రెండు బిస్కెట్లు ముంచుకుని తిన్నాను టీచర్’ అంది. వాళ్లమ్మ తెల్లవారకముందే మిరపకాయల కోతకు వెళుతుందట. అన్నం వండేది, తమ్ముడిని తయారుచేసేది ఈ పిల్లే. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్‌ను మోసుకెళ్తాయని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతున్న నేను, ఎదురుగా ఉన్న పిల్ల ఒంట్లో ఆ కణాలు చాలినన్ని ఉన్నాయో లేదో చూడలేదు.

మా బడిలో ఆరోగ్య శిబిరం జరగలేదని కాదు. జరిగింది, కార్డులు కూడా రాశారు, అవి బీరువాలో ఉన్నాయి. ‘మన పని పాఠం చెప్పడం, ఆరోగ్యం సంగతి ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) చూసుకుంటుంది’ అని కొందరు సహోపాధ్యాయులు అంటున్నారు. అదనపు నిధులు లేకుండా, బోధనా సమయం పోకుండా, పిల్లల ఆరోగ్యం కోసం బడిలో నిలకడగా చేయదగిన పనులేమిటో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు

టీచర్ గారికి నమస్కారం. మీ అనుమానం సరైనదే కావచ్చు గానీ, రెప్ప చూసి రక్తహీనతను నిర్ధారించలేము. రక్తపరీక్ష చేయించాల్సిందే. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తాం. 8 కంటే తక్కువ ఉంటే తీవ్రమైనదిగా భావించి పెద్దాసుపత్రికి పంపుతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల వయసు అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మీ తరగతిలో ఆరేడుగురికి మాత్రమే సమస్య ఉందని అనుకోవద్దు. తల వాల్చకుండా ఓర్చుకుంటూ కూర్చున్నవాళ్లు ఇంకా ఉండవచ్చు.

ఇక్కడ బడుల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పది నుంచి పందొమ్మిదేళ్ల వయసు పిల్లలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్తహీనత రాకుండా కాపాడే మోతాదు మాత్రమే. ఇప్పటికే రక్తం తగ్గిన పిల్లకు వారానికి ఒక మాత్ర చాలదు. వైద్యుడి పర్యవేక్షణలో రోజూ మాత్రలు వాడి, నెలనెలా పరీక్ష చేయించుకోవాలి. ‘మా బడిలో మాత్రలు ఇస్తున్నాంగా’ అన్న ధీమాతో ఈ పిల్లలను ఆసుపత్రికి పంపకపోవడం వల్లే చాలామంది ఏడాది తర్వాత కూడా అదే స్థితిలో మళ్లీ మాకు కనబడుతున్నారు.

మాత్రను మధ్యాహ్న భోజనం తర్వాత, మీ కళ్లెదుటే వేయించండి. పరగడుపున వేసుకుంటే కడుపులో వికారం పుట్టి కొందరు వాంతి చేసుకుంటారు. మలం నల్లగా రావడం సహజమేనని ముందే చెప్పకపోతే పిల్లలు భయపడతారు. టీలో ఉండే పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు కనుక, భోజనానికీ మాత్రకూ అటూ ఇటూ కనీసం గంటసేపు టీ తాగవద్దని చెప్పండి. పప్పులో నిమ్మరసం పిండుకున్నా, ఒక జామకాయ తిన్నా ఐరన్ బాగా ఒంటబడుతుంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్రను ఏ పిల్లా వదిలేయకుండా చూడండి. కొంకి పురుగులు పేగుల్లో రక్తం పీలుస్తుంటే మనం ఎంత ఐరన్ ఇచ్చినా ప్రయోజనం అంతంతమాత్రమే. ఆ రోజు రాని పిల్లలకు వారం తర్వాత మళ్లీ ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది, కాబట్టి గైర్హాజరైన వారి పేర్లు రాసి పెట్టుకోండి.

జవాబు 2: గణితం టీచర్, పల్నాడు జిల్లా

ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ సహోపాధ్యాయుల మాటను తేలికగా తీసుకోవద్దని నా మనవి. హాజరు యాప్, భోజనం యాప్, ఫొటోల అప్‌లోడ్ అంటూ ఇప్పటికే రోజులో చాలా సమయం పోతోంది. ఆరోగ్యం పేరుతో మరో రిజిస్టర్ వచ్చి పడితే చివరకు నష్టపోయేది పాఠమే. ఏ పని మొదలుపెట్టినా అది పది నిమిషాలు మించకూడదు, ఉన్న హాజరు పట్టీలోనే ఇమిడిపోవాలి. మేము హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తు పక్కన కారణాన్ని ఒక్క అక్షరంతో రాస్తున్నాం: జ్వరానికి ‘జ’, కడుపునొప్పికి ‘క’, పనికి వెళితే ‘ప’. రెండు నెలలు తిరిగేసరికి ‘క’ అనే అక్షరం ఒకే వాడ పిల్లల పేర్ల దగ్గర వరుసగా కనబడింది. పంచాయతీ వారికి చూపిస్తే, ఆ వాడలో మంచినీటి పైపు మురుగుకాలువలోంచి వెళుతూ ఒకచోట పగిలి ఉందని తేలింది. అంతకుముందు ఆ పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టింది నేనే.

జవాబు 3: విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

అమ్మా, ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న సంగతులు రెండు చెబుతాను.

మొదటిది కళ్ల గురించి. ఆరో తరగతిలో ఒక పిల్లవాడు ఎప్పుడూ పక్కవాడి నోటుబుక్కులోకి తొంగిచూసి రాసుకునేవాడు. కాపీ కొడుతున్నాడని అందరం నిందించాం. ఒకరోజు నల్లబల్ల మీద ‘సమబాహు త్రిభుజం’ అని రాసి చదవమంటే, నాలుగు అడుగులు ముందుకు వచ్చి, కళ్లు చికిలించి, అప్పుడు చదివాడు. కళ్లద్దాలు పెట్టించిన తర్వాత వాడు పక్కవాడి పుస్తకం వైపు తలతిప్పలేదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే, ఆరు మీటర్ల దూరంలో చార్టు తగిలించి, ఒక్కో కన్ను మూసి ప్రతి పిల్లనూ చదివించండి. చదవలేకపోయిన వారి జాబితాను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందం వచ్చినప్పుడు చేతిలో పెట్టండి. ఆ బృందం బడికి ఏడాదికి ఒకసారే వస్తుంది. ఒక్కరోజులో అందరినీ చూడాలి కనుక, ముందుగా ఎవరిని చూడాలో మనమే చెప్పగలిగితే వారి సమయం సద్వినియోగమవుతుంది. కళ్లద్దాలు వచ్చాక కూడా పని అయిపోదు. వెక్కిరిస్తారని కొందరు వాటిని సంచిలోనే దాచుకుంటారు. అద్దాలు పెట్టుకున్నారా లేదా అని రోజూ చూసేది తరగతి టీచరే.

రెండోది ఎవరూ పైకి మాట్లాడనిది. మా బడిలో పెద్ద తరగతుల ఆడపిల్లలు పొద్దున ఇంట్లో తాగిన నీళ్లతోనే సాయంత్రం దాకా ఉండేవారు. దాహం లేక కాదు, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని. తలుపుకు గడియ లేదు, లోపల నీళ్లు లేవు. ఒక పిల్ల లోపలికి వెళితే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడేది. చివరి పీరియడ్‌లో తలనొప్పి, మూత్రంలో మంట, నెలసరి రోజుల్లో బడి మానేయడం, ఇవన్నీ ఆ గడియ లేని తలుపు దగ్గరే మొదలయ్యేవి. బడి గ్రాంటు నుంచి రెండు గడియలు, రెండు బకెట్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఒకటి కొన్నాం. వారం తిరగకముందే కుళాయి దగ్గర ఆడపిల్లల వరుస కనబడింది. కేరళ బడుల్లో 2019లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి మొదలుపెట్టారు, మన దగ్గర కూడా దాని గురించి చాలా చర్చ జరిగింది. మంచి పద్ధతే గానీ, ముందు గడియ బిగించి, ఆ తర్వాత గంట కొట్టాలి.

జవాబు 4: ఒక తల్లి, ఒంగోలు

టీచర్ గారూ, నా కూతురు పదో తరగతి చదువుతోంది. రెండేళ్ల కిందట అది చదివిన బడిలో ఐరన్ మాత్రలు పొద్దున్నే, ప్రార్థన అవగానే పంచేవారు. మా అమ్మాయి ఏమీ తినకుండా వెళ్లి, మాత్ర మింగి, తరగతిలోనే వాంతి చేసుకుంది. ఆ తర్వాత పిల్లలంతా మాత్ర నాలుక కింద పెట్టుకుని బయటకు వచ్చి కాలువలో ఉమ్మేసేవారట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. డాక్టర్ గారు ఇక్కడ రాసిన నాలుగు మాటలు ఆనాడు ఎవరైనా తల్లుల సమావేశంలో చెప్పి ఉంటే, మేము పిల్లలకు నచ్చజెప్పుకునేవాళ్లం.

ఇంకొక మాట. హిమోగ్లోబిన్ పరీక్ష చేసిన రోజు అందరి ముందూ పేరు, అంకె బిగ్గరగా చదివారు. మా అమ్మాయికి 8.9 వచ్చింది. ‘రక్తం లేని పిల్ల’ అని తోటివాళ్లు పిలవడం మొదలుపెట్టారు, అది రెండు రోజులు బడికి వెళ్లనంది. దయచేసి ఆ అంకెను తల్లిదండ్రులకు మాత్రమే చెప్పండి.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ అమ్మ రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. మా బడిలోనూ అంకెలు బిగ్గరగానే చదివారు, నేను పక్కనే ఉన్నాను.

ఈ రోజు బీరువాలోంచి కార్డులు తీసి మా తరగతి వరకు చూశాను. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది కార్డుల మీద ఆసుపత్రికి వెళ్లాలని రాసి ఉంది. వారిలో వెళ్లింది ఇద్దరే. మిగిలిన తొమ్మిది మంది తల్లులతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి రమ్మనడం వారికి భారమే కాబట్టి, ఏఎన్ఎం గారు సాయంత్రం ఊరికి వచ్చే రోజు కనుక్కుని ఆ రోజే కలిసేలా చూస్తాను. మాత్రలు ఇకపై భోజనం తర్వాతే ఇవ్వడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. లెక్కల మాస్టారు చెప్పిన అక్షరాల పద్ధతిని సోమవారం నుంచి హాజరు పట్టీలో మొదలుపెడుతున్నాను.

ఉదయం ఆకలి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మా దగ్గర వారంలో మూడు రోజులు రాగి జావ ఇస్తున్నారు గానీ, అది పిల్లల చేతికి వచ్చేసరికి రెండు పీరియడ్లు అయిపోతున్నాయి. తమిళనాడులో 2022 నుంచి ప్రాథమిక బడుల పిల్లలకు ఉదయమే అల్పాహారం పెడుతున్నారు. మనం జావ ఇచ్చే వేళనైనా ప్రార్థనకు ముందుకు జరపగలమేమో చూడాలి. వంట చేసే అక్కను అడిగితే, గ్యాసు ముందురోజే సిద్ధంగా ఉంచితే ఎనిమిదిన్నరకల్లా కాచి ఇస్తానంది. ఎక్కడైనా ఇలా జావ వేళ మార్చిన వారుంటే, నీళ్లు, గ్లాసులు కడిగే ఏర్పాటు ఎలా చేసుకున్నారో రాయండి. మా బడిలో ఉన్న కుళాయిలు మూడే.